స్టింక్ బగ్స్‌కి మందు కొట్టకండి, ఆగస్టులో సందులు మూయండి

ప్రతి అక్టోబర్‌లోనూ ఇక్కడ అమెరికాలో మా ఏరియా తెలుగు వాట్సాప్ గ్రూపులో ఒకే రకం ఫోటో వస్తుంది. కర్టెన్ మీదో, టీవీ వెనకో, దేవుడి గూట్లో దీపం పక్కనో ఒక గోధుమరంగు పురుగు, డాలు ఆకారంలో, మీసాల మీద తెల్ల పట్టీలతో. అదే స్టింక్ బగ్. కింద ప్రశ్న కూడా ఒకటే, "ఇదేంటండీ, ఇంట్లో పదీ ఇరవై కనిపిస్తున్నాయి, దీనికి ఏ స్ప్రే వాడాలి?" ఇక దాని కింద వరసగా స్ప్రేల పేర్లు, పెస్ట్ కంట్రోల్ వాళ్ళ నంబర్లు, ఇండియా నుంచి సూట్‌కేసులో తెచ్చుకున్న చీమల సుద్ద గీయమని సలహాలు. నేను ప్రతిసారీ ఫోన్లో టైప్ చేసి చేసి విసిగిపోయాను, పైగా నాలుగు లైన్లలో చెప్తే ఎవరికీ నమ్మకం కుదరట్లేదు, అందుకే ఈసారి కూర్చుని మొత్తం రాస్తున్నా. నేను చెప్పేది ఇదీ: ఇంట్లోకి వచ్చేసిన స్టింక్ బగ్స్‌కి మందు కొట్టకండి. పురుగుల మీద జాలితో అనట్లేదు, నాకూ అవంటే అసహ్యమే. మందు కొడితే పని అవ్వదు, పైగా కొత్త నష్టం వస్తుంది, ఆ నష్టం నేను పడ్డాను కాబట్టి అంటున్నా.

మేం ఉండేది పెన్సిల్వేనియాలో, ఎక్స్‌టన్ దగ్గర. ఇల్లు కొనేటప్పుడు అందరిలాగే వాస్తు చూసుకున్నాం, తూర్పు ముఖం, మాస్టర్ బెడ్‌రూమ్ నైరుతిలో. అప్పుడు తట్టలేదు కానీ ఇప్పుడు ఆలోచిస్తే అర్థమవుతోంది, తూర్పు ముఖం అంటే ఇంటి వెనక గోడ పడమర, మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఎండంతా దాని మీదే, నైరుతి గది అంటే దక్షిణం ఎండా పడమర ఎండా రెండూ తగిలే మూల. సెప్టెంబర్ చివర్లో రాత్రుళ్ళు చలి మొదలవగానే స్టింక్ బగ్స్ వెతుక్కునేది సరిగ్గా అలాంటి వెచ్చటి గోడనే. వాస్తు ఇళ్ళు కొన్న మనవాళ్ళందరూ ఒకసారి ఆ నైరుతి గది కిటికీల దగ్గర చూసుకోండి, ఎక్కువ అక్కడే దొరుకుతాయి. మా ఇంట్లో ఆ గదికి ఆనుకునే వాకిన్ క్లోజెట్, అంటే బట్టల గది, అందులోనే నా పట్టుచీరలు. ఆ విషయానికి వస్తాను.

మొదటి ఏడాది అమ్మ ఇక్కడే ఉంది, మాది తెనాలి వైపు పల్లె, ఇంట్లో వరి సాగు. ఒకరోజు మా పాప భయపడి పేపర్ టవల్‌తో ఒకదాన్ని నొక్కేసింది, గదంతా కంపు. అమ్మ వంటింట్లోంచి వచ్చి వాసన చూసి, "ఏమే, ఇది మన చేలో కంపునల్లి వాసన కదే" అంది. వరి వెన్ను పాలు పోసుకునే దశలో వచ్చి గింజలో పాలు పీల్చేసి తాలు చేసే పురుగు, పొద్దున్నే చేలో గట్టు మీద నడిస్తేనే వాసన కొట్టేస్తుంది, చిన్నప్పుడు నాకూ తెలుసు. అది సన్నగా పొడుగ్గా ఉంటుంది, ఇది వెడల్పుగా ఉంటుంది, కానీ పని ఒకటే, మూతి సూదిలా గుచ్చి పీల్చడం. ఆ వాసన అమ్మకి ఇంకోటి కూడా గుర్తు చేసింది, "కొత్తిమీర కుళ్ళినట్టు లేదూ?" అంది. తర్వాత చదివితే తెలిసింది, అమ్మ ముక్కు తప్పు చెప్పలేదు, ఈ పురుగు వదిలే ఘాటులో ఉండే ఆల్డిహైడ్లు అనే రసాయనాలు కొన్ని కొత్తిమీర ఆకులో కూడా ఉంటాయి, అసలు కొరియాండర్ అన్న మాటే గ్రీకులో నల్లికి ఉన్న మాట నుంచి వచ్చిందని చెప్తారు. నల్లి కూడా ఈ పురుగు వర్గానిదే. అందుకే నేను దీన్ని కంపునల్లి అనే పిలుస్తాను, అంతకంటే సరైన పేరు లేదు.

ఇంగ్లీషులో దీని పూర్తి పేరు బ్రౌన్ మార్మరేటెడ్ స్టింక్ బగ్. ఇది అమెరికా పురుగు కాదు, చైనా, జపాన్, కొరియా, తైవాన్ వైపు నుంచి సరుకుల పెట్టెల్లో వచ్చింది. ఇక్కడ మొదట బయటపడింది మనకి దగ్గర్లోనే, ఇదే పెన్సిల్వేనియాలోని అలెన్‌టౌన్‌లో, 1998లో పట్టిన నమూనా, అప్పటికే కొన్నేళ్ళుగా అక్కడ ఉన్నట్టు లెక్క, కానీ ఇక్కడి పాత రకం పురుగే అనుకుని ఎవరూ పట్టించుకోలేదు, 2001లో కార్నెల్ యూనివర్సిటీ కీటక శాస్త్రవేత్త చూసి ఇది వేరే అని తేల్చాడు. 2010 వచ్చేసరికి ఈ చుట్టుపక్కల రాష్ట్రాల యాపిల్ రైతులకి ఆ ఒక్క ఏడాదే దాదాపు 3.7 కోట్ల డాలర్ల నష్టం. ఇళ్ళ సంగతి చెప్పాలంటే, మేరీల్యాండ్‌లో ఒక వైల్డ్‌లైఫ్ బయాలజిస్ట్ తన సొంతింట్లో 2011 జనవరి నుంచి జూన్ దాకా పట్టినవి పట్టినట్టు లెక్క రాశాడు, మొత్తం 26,205. ఒక్క ఇంట్లో. కాబట్టి మీ కర్టెన్ మీద పది కనిపించాయంటే మీరు ఇల్లు శుభ్రంగా ఉంచుకోకపోవడం వల్ల కాదు, ఆ సిగ్గు ఎవరూ పడక్కర్లేదు. మా ఫ్రెండ్ ఒకావిడ చుట్టాలొస్తే ఏమనుకుంటారో అని రోజూ రెండుసార్లు ఇల్లంతా తుడిచేది, పాపం, దీనికీ తుడవడానికీ సంబంధమే లేదు.

ఇప్పుడు నా చీర కథ. ఆ మొదటి ఏడాది నవంబర్‌లో నేను కూడా అందరూ చేసేదే చేశాను, ఒక పెస్ట్ కంట్రోల్ కంపెనీని పిలిచాను, పేరు అనవసరం. వచ్చినతను మంచిగానే మాట్లాడాడు, లోపల కిటికీ ఫ్రేముల సందుల్లో, గోడల అడుగున ఉండే బేస్‌బోర్డు చెక్కల వెంబడి, ఆటిక్‌లో, అంటే పైకప్పు కింది అటకలో, గోడల్లోకి దిగే చోట్ల మందు కొట్టి, 240 డాలర్లు తీసుకుని, రెండు వారాల్లో క్లియర్ అయిపోతాయన్నాడు. మర్నాడు నేల మీద వెల్లకిలా పడి చాలా కనిపించాయి, పని అయిందనుకున్నాం, సాయంత్రానికి చూస్తే అందులో కొన్ని మళ్ళీ తిరగబడి నడుస్తున్నాయి. ఇది మా ఇంట్లో జరిగిన వింత కాదు, ఇళ్ళలో ఎక్కువగా కొట్టే పైరిథ్రాయిడ్ రకం మందులు తగిలితే ఇవి చచ్చినట్టు పడిపోయి తర్వాత కొన్ని కోలుకుంటాయని యూఎస్‌డీఏ, అంటే అమెరికా వ్యవసాయ శాఖ వాళ్ళ ల్యాబ్ పరీక్షల్లోనే తేలింది. సరే, చచ్చినవి చచ్చాయి కదా అనుకోవచ్చు. అసలు చిక్కు అక్కడే ఉంది, చచ్చినవి ఎక్కడ చచ్చాయి? మన కంటికి కనిపించేవి కొన్నే, మిగతావన్నీ గోడల లోపల, చలి ఆపడానికి నింపే ఇన్సులేషన్ మధ్యలో, మన చెయ్యి ఎప్పటికీ వెళ్ళని చోట.

ఆ తర్వాతి వేసవిలో మా తోడికోడలి కూతురి ఓణీల ఫంక్షన్ కోసం చీరలు బయటికి తీశాను. నా సీమంతానికి అమ్మ పెట్టిన గద్వాల చీర, ఆకుపచ్చ ఒళ్ళు, ఎర్ర అంచు. మంచం మీద పరిచి మడత విప్పుతుంటే అంచు దగ్గర ఏదో వెలుగు చుక్కలు చుక్కలుగా కనిపించింది, కిటికీ ముందు ఎత్తి పట్టుకుంటే అర్థమైంది, చిల్లులు. గద్వాల చీర కట్టేవాళ్ళకి తెలుసు, ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు, రెండింటినీ ఒక గీత దగ్గర కలుపుతారు. ఆ నూలు ఒళ్ళు ఎక్కడా చెక్కుచెదరలేదు, దారం పోగు కూడా లేవలేదు. పట్టు అంచులో మాత్రం, సరిగ్గా కలిపిన గీత దగ్గర మొదలై, ఆవగింజంత ఆవగింజంత కన్నాలు, కొన్ని చోట్ల పట్టు మొత్తం పోయి జరీ పోగులు ఒక్కటే గాల్లో నిలబడి ఉన్నాయి, వేలుతో తాకితే అవి కూడా వంగిపోయాయి. మడత లోపల అడుగున చిన్న చిన్న గోధుమరంగు పొట్టు, ఒకచోట సన్నటి నూగుతో చారల పురుగు ఒకటి మెల్లగా కదుల్తోంది. అది కార్పెట్ బీటిల్ పిల్ల. ఉన్ని, పట్టు, ఈకలు, చచ్చిన పురుగులు, అంటే జంతువుల నుంచి వచ్చినవి దానికి ఆహారం. నూలు జోలికి పెద్దగా పోదు. నా చీర ఆ పాఠాన్ని నాకు గీత గీసినట్టు చూపించింది.

ఆరోజు నేను ఏడ్చాను, చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు. ఆ తర్వాతే చదవడం మొదలుపెట్టాను, పెన్ స్టేట్ ఎక్స్‌టెన్షన్, అంటే పెన్ స్టేట్ యూనివర్సిటీ తరఫున జనాలకి సలహాలిచ్చే విభాగం వాళ్ళు ఎప్పటినుంచో స్పష్టంగా చెప్తున్నారు, పురుగులు గోడల్లోకి వెళ్ళిపోయాక లోపల మందు కొట్టొద్దు, గోడల్లో వందలకొద్దీ చస్తే వాటిని తినడానికి కార్పెట్ బీటిల్స్ వస్తాయి, తర్వాత అవి ఉన్ని బట్టల మీదా నిల్వ ఉంచిన తిండి సరుకుల మీదా పడతాయి అని. కార్పెట్ బీటిల్ ప్రతి ఇంట్లోనూ ఎంతోకొంత ఉండేదే, నాకు తెలుసు, కానీ మనమే దానికి గోడల నిండా విందు పెట్టి పిలిస్తే ఎలా? ఉన్ని బట్టలు అంటే ఇక్కడివాళ్ళకి నాలుగు స్వెటర్లు, రెండు కోట్లు. మనకి? బీరువా నిండా పట్టు, ధర్మవరం, ఉప్పాడ, పోచంపల్లి, అత్తగారు ఇచ్చినవి, అమ్మమ్మవి. ప్యాంట్రీలో ఇండియన్ స్టోర్ నుంచి తెచ్చిన పదేసి పౌండ్ల పప్పులూ పిండీ. ఈ దేశంలో ఇంటి లోపల స్ప్రే కొట్టించుకోవడానికి అందరికంటే రెండుసార్లు ఆలోచించాల్సినవాళ్ళం మనమే, అందరికంటే ముందు కొట్టించుకునేదీ మనమే.

మందు ఎందుకు అనవసరమో ఈ పురుగు తీరు తెలిస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. ఇది బొద్దింక కాదు. మన ఇంట్లో తినదు, గుడ్లు పెట్టదు, కుట్టదు, జబ్బు మొయ్యదు, చెక్కని తొలవదు. చలికాలం గడపడానికి పొడిగా ఉండే సందు కావాలి, అంతే, చెట్టు బెరడు కింద దూరేది కాస్తా మన ఇంటి గోడల బయట తొడిగే పలకల, అదే సైడింగ్, కింద దూరుతుంది. దూరాక దాదాపు నిద్రలాంటి స్థితిలో ఉండిపోతుంది. మనం హీటర్ పెంచినప్పుడో, మధ్యలో ఎండ బాగా కాసినప్పుడో కొన్ని లేచి, బయటికెళ్ళే దారనుకుని వెలుతురు వైపు, అంటే మన గదిలోకి వచ్చేస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో మిగతావి కూడా లేచి బయటికి పోవడానికి కిటికీల దగ్గర గుమిగూడతాయి. అంటే మీరు జనవరిలో చూసే పురుగు కొత్తగా పుట్టింది కాదు, సెప్టెంబర్‌లో మీ ఇంట్లో దూరినదే. రోజూ కొత్తవి పుడుతున్నాయనుకుని రోజూ స్ప్రే కొట్టేవాళ్ళని చూశాను, పుట్టట్లేదు, గోడలోంచి ఒక్కొక్కటే బయటికి వస్తున్నాయి. కాబట్టి లెక్క ఏంటంటే, ఎన్ని దూరాయో అన్నే, దూరేముందు ఆపితే చాలు. దూరాక వచ్చినవాటిని వచ్చినట్టు పట్టుకోవాలి.

దూరేముందు అంటే ఆగస్టు, మహా అయితే సెప్టెంబర్ రెండో వారం. ఇదే అందరూ మిస్సయ్యేది, ఎందుకంటే ఆగస్టులో ఒక్క పురుగు కూడా ఇంట్లో కనిపించదు, అప్పుడెవరికీ గుర్తుండదు, వినాయక చవితి హడావుడిలో ఉంటాం. నేను మాత్రం చవితికి మామిడాకులు కట్టేముందే సందులు పూడ్చే కాల్క్ గన్ బయటికి తీస్తాను, ఆ పండగ ఆగస్టు చివరో సెప్టెంబరో ఎప్పుడొచ్చినా సరిగ్గా ఈ పనికి గుర్తుగా ఉంటుంది.

సందులు ఎలా వెతకాలో చెప్తా, దీనికి మనింట్లో ఉన్నదే చాలు. గాలి బాగా వీచే రోజు చూసుకుని, లోపల కిటికీలన్నీ మూసేసి, ఏసీ ఆపేసి, బాత్రూమ్ ఫ్యానూ వంటింటి చిమ్నీ ఫ్యానూ ఆన్ చేసి, ఒక అగరుబత్తి వెలిగించి కిటికీ ఫ్రేము చుట్టూ మెల్లగా తిప్పండి. కర్టెన్లు ముందే తీసేయండి. పొగ నిటారుగా పోతుంటే సందు లేనట్టు. ఎక్కడ పొగ వంకరపోయి గదిలోకి తోసినట్టు వస్తుందో అక్కడ బయటి గాలి దూరుతోంది, గాలి దూరే ప్రతి సందూ పురుగు దూరేంత పెద్దది కాదు కానీ, పురుగు దూరే సందులు చాలావరకు ఇందులో దొరికిపోతాయి. మా అబ్బాయి వెనకే పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటూ వచ్చాడు, మొదటి రోజే మాస్టర్ బెడ్‌రూమ్‌లో ఏడు గుర్తులు. బయటి నుంచి చూసేటప్పుడు నేను పెట్టుకున్న కొలత, క్రెడిట్ కార్డులు నాలుగు పేర్చితే పట్టే సందు, అంటే 3 మిల్లీమీటర్లు, కనిపిస్తే మూసేయడమే. పురుగు చూడటానికి 17 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, కానీ మందం తక్కువ, ఒంటిని నొక్కుకుని భలే దూరుతుంది.

మా ఇంట్లో అన్నిటికంటే పెద్ద దారి ఎక్కడుందనుకున్నారు, ఏసీ బయటి యూనిట్ నుంచి గొట్టాలు గోడలోకి వెళ్ళే చోట. బిల్డర్ పెట్టిన మెత్తటి లప్పం లాంటిది ఎండకి ఎండి ఊడిపోయింది, నా బొటనవేలు దూరేంత కన్నం, ఎన్నేళ్ళుగా ఉందో. దాన్ని బయటి వాడకానికి పనికొచ్చే సీలెంట్‌తో మూసేశాం. తర్వాత కిటికీల చుట్టూ సైడింగ్ కలిసే గీతలు, సిలికాన్ కాల్క్. డెక్ తలుపు కింద సందు మూసే డోర్ స్వీప్ పట్టీ, స్లైడింగ్ డోర్ అంచున గాలి ఆపే వెదర్ స్ట్రిప్. చిరిగిన దోమ జాలీలు రెండు మార్చాం. ఆటిక్ వెంట్లకి లోపలి వైపు నుంచి సన్నటి జాలీ స్టేపుల్ చేశాం. ఇక్కడ ఒక్క జాగ్రత్త, ఇది మాత్రం తప్పకుండా వినండి, గాలి ఆడటానికి పెట్టిన వెంట్లని కాల్క్‌తో మూసేయకండి, ఇల్లు వేడిచేసే ఫర్నేస్, వాటర్ హీటర్ పొగ గొట్టాల జోలికి అస్సలు వెళ్ళకండి, బట్టలు ఆరబెట్టే డ్రయర్ వెంట్‌కి సన్న జాలీ పెడితే దూది పేరుకుని నిప్పు అంటుకునే ప్రమాదం. కిటికీ అడుగున నీళ్ళు బయటికి పోవడానికి చిన్న కన్నాలుంటాయి, అవి కూడా మూయొద్దు. ఏ కన్నం ఎందుకు ఉందో తెలియకపోతే అడిగి మూయండి.

మావారూ నేనూ కలిసి రెండు వీకెండ్లు పట్టింది, సామానుకి 90 డాలర్లు దాటలేదు. స్ప్రే వాడికిచ్చిన 240తో పోల్చుకోండి, ఆ స్ప్రే మళ్ళీ ఏడాది మళ్ళీ కొట్టించాలి, ఈ కాల్క్ ఏళ్ళ తరబడి ఉంటుంది, పైగా చలికాలం హీటింగ్ బిల్లు కూడా తగ్గింది. టైమ్ ఎక్కడుందండీ అనేవాళ్ళకి నా జవాబు ఇదే, అక్టోబర్ నుంచి మే దాకా రోజూ సాయంత్రం పురుగులు ఏరుతూ, పిల్లలు అరిచినప్పుడల్లా పరిగెత్తుతూ పోయే టైమ్ కూడా టైమే కదా.

ఎంత మూసినా కొన్ని వస్తాయి, సున్నా అవుతుందని నేను చెప్పను. వచ్చినవాటికి ఒక ఊరగాయ సీసా చాలు. వెడల్పు మూతి సీసాలో మూడో వంతు నీళ్ళు, గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు. ఈ పురుగుకి ఒక అలవాటుంది, ఏదైనా తగిలితే వెంటనే ఎగరదు, కాళ్ళు ముడుచుకుని రాయిలా కిందకి పడిపోతుంది. దాన్నే వాడుకోవాలి. సీసా మూతిని పురుగుకి సరిగ్గా కింద, గోడకి ఆనించి పట్టుకోండి, పైనుంచి ఒక పాత విజిటింగ్ కార్డుతో వీపు మీద అలా తాకండి, టప్ మని నీళ్ళలో పడుతుంది. సబ్బు లేకపోతే నీటి మీద తేలుతూ గంటలసేపు ఈదుతుంది, సబ్బు ఉంటే నీటి పైపొర విరిగి మునిగిపోతుంది, ఊపిరి తీసే రంధ్రాల్లోకి నీళ్ళు పోయి కాసేపట్లో అయిపోతుంది. వాసన కూడా ఆ నీళ్ళలోనే ఉండిపోతుంది. మా పాప మొదట్లో పేపర్ టవల్‌తో నొక్కిన పిల్ల, ఇప్పుడు సీసా పట్టుకుని అదే తిరుగుతుంది. నొక్కొద్దు అని చెప్పేది ఎందుకంటే కంపుతో పాటు గోడకీ కర్టెన్‌కీ పసుపు మరక పడుతుంది. ఒకదాన్ని నొక్కితే ఆ వాసనకి ఇంకో వంద వస్తాయని మాత్రం భయపడకండి, అది నిజం కాదు, ఆ కంపు శత్రువుని తరమడానికి, తోటివాటిని పిలవడానికి వాడే వాసన వేరు.

ఎక్కువ వచ్చే ఇళ్ళకి ట్రే పద్ధతి. పార్టీలకి బిర్యానీ వచ్చే అల్యూమినియం ట్రే ఉంటుంది చూడండి, కడిగి దాచుకునే అలవాటు మనకి ఎలాగూ ఉంది, అందులో రెండంగుళాల సబ్బు నీళ్ళు పోసి, రాత్రి గదిలో లైట్లన్నీ ఆపేసి, ఆ ట్రే మీద పడేలా ఒక్క టేబుల్ ల్యాంప్ పెట్టండి. ల్యాంపు నీళ్ళలో పడకుండా బరువుగా, స్థిరంగా ఉండేది పెట్టండి, చిన్నపిల్లలున్న గదిలో వద్దు. పురుగులు వెలుతురుకి వచ్చి ట్రేలో పడతాయి. ఇది ఎవరో వాట్సాప్‌లో పంపిన చిట్కా కాదు, వర్జీనియా టెక్ యూనివర్సిటీ వాళ్ళు జనాల ఇళ్ళలోనే పెట్టి పరీక్షించారు, 2014లో ఫలితాలు చెప్పారు, షాపులో 50 డాలర్ల దాకా పెట్టి కొనే ట్రాప్‌ల కంటే ఈ ట్రే 14 రెట్లు ఎక్కువ పురుగుల్ని పట్టింది. చలి బాగా ఉన్న రోజుల్లో పురుగులు కదలవు కాబట్టి ట్రే ఖాళీగా ఉంటుంది, మార్చి, ఏప్రిల్‌లో ఎండలు మొదలయ్యాక పెట్టి చూడండి.

వ్యాక్యూమ్ వాడొచ్చు, కానీ మామూలు వ్యాక్యూమ్‌తో లాగితే ఆ కంపు మిషన్‌లో ఉండిపోయి తర్వాత కార్పెట్ క్లీన్ చేసిన ప్రతిసారీ ఇంటి నిండా పరుచుకుంటుంది, ఆ తప్పు మేం చేశాం. గొట్టం మూతిలోకి పాత నైలాన్ సాక్స్ దూర్చి, అంచు బయటికి మడిచి రబ్బరు బ్యాండ్ వేస్తే పురుగులు ఆ సాక్స్‌లోనే ఆగుతాయి, బయటికి లాగి ముడి వేసి సబ్బు నీళ్ళలో పడేయడమే. గోడల్లోనూ ఆటిక్‌లోనూ చచ్చినవాటిని కూడా అందినంత వరకు ఇలాగే తీసేయండి, కార్పెట్ బీటిల్‌కి తిండి మిగలకూడదు. పట్టుచీరలు ఏడాదికి రెండుసార్లైనా విప్పి, దులిపి, మడతలు మార్చి, జిప్ ఉన్న నూలు సంచుల్లో పెట్టుకోండి. మా అమ్మమ్మ ఎండాకాలంలో పెట్టె తెరిచి చీరలకి నీడపట్టున గాలి తగలనిచ్చేది, నేను అదేదో పాతకాలం చాదస్తం అనుకునేదాన్ని, ఎంత పొరపాటో ఇప్పుడు తెలుస్తోంది.

పుదీనా నూనె, వెల్లుల్లి నీళ్ళు, డ్రయర్ షీట్లు కిటికీలకి రుద్దడం, ఇవన్నీ నేను చేశాను. వాసన ఉన్న కాసేపు అటు రాకపోవచ్చు, నూనె ఆవిరైపోతుంది, సందు అలాగే ఉంటుంది. మందు కాదు కాబట్టి మంచిదే అనుకుని రోజూ అదే చేస్తూ అసలు పని వదిలేయడం కూడా నష్టమే. ఇక చీమల సుద్ద, దయచేసి వద్దు. అలాంటి పురుగుమందు సుద్దలు ఇక్కడ అమ్మడమే చట్టవిరుద్ధం, ఇక్కడి పర్యావరణ రక్షణ సంస్థ ఈపీఏ హెచ్చరిక చేసింది, చూడటానికి పిల్లలు బోర్డు మీద రాసే చాక్‌పీస్ లాగే ఉంటుంది, పాకే పిల్లలున్న ఇంట్లో కిటికీ గట్టు మీద విషం గీత గీయడం ఏంటండీ.

నేను రైతుల గురించి మాట్లాడట్లేదు, అది స్పష్టంగా చెప్తున్నా. తోట మీద బతుకు ఆధారపడినవాళ్ళ లెక్క వేరు, తెనాలి చేలో మా నాన్న కంపునల్లికి మందు కొట్టకుండా ఉండలేకపోయిన ఏళ్ళు నేను చూశాను, తాలు గింజ బస్తాలకెత్తితే వచ్చేదేం లేదు. కానీ మన కర్టెన్ మీద పురుగు వల్ల మన పంట పోవట్లేదు, మనకి పోయేది కాసేపటి చిరాకు. ఆ చిరాకు కోసం పిల్లలు పడుకునే గదిలో మందు కొట్టించడం నాకు ఏ లెక్కలోనూ సరిపోవట్లేదు.

పెరటి సంగతి కొంచెం చెప్పి ఆపేస్తా, ఎందుకంటే ఇంట్లోకొచ్చే పురుగులు వేసవంతా పెరుగుతున్నది మన పెరట్లోనే. టమాటా, మిర్చి, బెండ, వంగ, చిక్కుడు, మనవాళ్ళు వేసేవన్నీ దానికిష్టమే. టమాటా మీద తెల్లగా మబ్బు మచ్చల్లా కనిపించి, కోస్తే తొక్క కింద బెండులాగా గట్టిగా ఉంటే అది ఈ పురుగు పీల్చిన చోటే. వాసనతో రప్పించే ఫెరొమోన్ ట్రాప్‌లు తెచ్చి టమాటా మడి పక్కనే వేలాడదీస్తారు కొందరు, అది చెయ్యకండి, మేరీల్యాండ్ యూనివర్సిటీ వాళ్ళు ఇళ్ళ తోటల్లోనే చూశారు, ట్రాప్ దగ్గరున్న టమాటాలకి నష్టం ఇంకా ఎక్కువైంది, పిలిచినవన్నీ ట్రాప్‌లోకే పోవు కదా. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు పురుగులు మందకొడిగా ఉంటాయి, అదే సబ్బు నీళ్ళ సీసా పట్టుకుని మొక్కల్ని తడితే పడిపోతాయి. ఆకుల అడుగున గుడ్లు వెతకాలి, లేత ఆకుపచ్చ తెలుపు రంగులో, చిన్న చిన్న పీపాల్లా, ఒకదానికొకటి అంటుకుని ఒక్కో గుంపుకి 28 దాకా ఉంటాయి, ఆ ఆకు తుంచి సీసాలో వేయడమే.

నల్లబడిన గుడ్లని మాత్రం ముట్టుకోకండి. ఈ పురుగు పుట్టిన దేశాల్లో దీని గుడ్ల మీద బతికే ఒక కందిరీగ ఉంది, సామురాయ్ వాస్ప్ అంటారు, నువ్వుగింజంత ఉంటుంది, మనుషుల్ని కుట్టదు. అమెరికా సైంటిస్టులు దాన్ని తెచ్చి ల్యాబ్‌లో బంధించి ఏళ్ళ తరబడి పరీక్షలు చేస్తూ ఉండగానే, అది తనంతట తానే ఏ సరుకుతోనో వచ్చేసి 2014లో మేరీల్యాండ్‌లోని బెల్ట్స్‌విల్ దగ్గర బయట దొరికింది, తర్వాత చాలా రాష్ట్రాలకి పాకింది. ఆ కందిరీగ స్టింక్ బగ్ గుడ్డులో తన గుడ్డు పెడుతుంది, స్టింక్ బగ్ పిల్ల బదులు కందిరీగ బయటికొస్తుంది, అలాంటి గుడ్లు ముదురు బూడిదరంగుకీ నలుపుకీ తిరుగుతాయి. మనం చెట్ల మీదా గోడల మీదా కొట్టే మందు తగిలి స్టింక్ బగ్స్ కొన్ని కోలుకుంటాయి, నువ్వుగింజంత ఉన్న ఇది మాత్రం తేలిగ్గా చచ్చిపోతుంది.

పోయిన జూలైలో మా చిక్కుడు పందిరి మీద, నా భుజం ఎత్తులో ఒక ఆకు అడుగున నల్లటి గుడ్ల గుంపు కనిపించింది. పిల్లల్ని పిలిచి చూపించాను, ఇరవై ఎనిమిదీ లెక్కపెట్టారు. గుర్తుకోసం ఆ తీగకి ఎర్ర దారం కట్టి, ఆ పక్క కాయలు కొయ్యొద్దని ఇంట్లో అందరికీ చెప్పాను. వారం తర్వాత వెళ్ళి చూస్తే పీపాల పైన మూతల్లో కొరికినట్టు గుండ్రటి కన్నాలు, లోపల ఖాళీ. అమ్మకి వీడియో కాల్‌లో చూపిస్తే కళ్ళజోడు పైకి తోసుకుని చాలాసేపు చూసి, "ఆ ఆకు అలాగే ఉంచు, కొయ్యమాక" అంది. ఉంచాం.